ఏ కట్టడం వింతో చెప్పిన లిఫ్టు బాబాయ్

టీ గ్లాసు సగం కూడా కాలేదు, స్టేషన్లో లిఫ్టులు బాగుచేసే బాబాయ్ అందుకున్నాడు.

"కంప్యూటర్లో మా అమ్మాయి రాజ్యాల ఆట ఆడుతుంది చూడు, ఊళ్ళు కట్టాలి, సైన్యం పెంచాలి, ఒక వింత కట్టడం లేపితే రాజ్యానికి వరం. ఈసారి ఈ కాలపు కట్టడం ఒకటి చేరుస్తాం, ఏది పెట్టమంటారో చెప్పండి అన్నారు ఆట తయారుచేసేవాళ్ళు. మన స్టేషన్ వంతెన పెట్టమని రాసి పంపా. అంతే, పెద్ద గొప్పేం కాదనుకో."

"పట్టాల మీద వంతెనా?" అన్నాడు ఆటో అన్న.

"లిఫ్టున్న వంతెన! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడే ఫోను. నలభైమంది నిపుణులు లైన్లో! ఆకాశమంత భవనం పెడదామని ఒకడు, సముద్రం కింద సొరంగమని ఇంకొకడు. 'నాయనా, ఆ భవనం ఎక్కి ఏం చేస్తారు, మళ్ళీ దిగడమేగా?' అన్నా. ఒక్కడికి నోరు పెగిలితే ఒట్టు! విమానం పంపుతామన్నారు, నాకు తీరిక లేదన్నా. వాళ్ళే వచ్చి వంతెన కొలుచుకుపోయారు, నా స్పానరుకి ఫొటో తీసి మరీ."

"నేను చూళ్ళేదే," అంది టీ అక్క, పొంగుతున్న పాలు ఊదుతూ.

"నువ్వు పాలు చూస్తున్నావు! ఇక ఆట బయటికొచ్చిందా, వంతెన కట్టిన రాజ్యం మీదికి శత్రువు లక్ష ఏనుగులతో వచ్చాడు. ఏనుగులు లిఫ్టు చూశాయి. యుద్ధం మానేసి వరసలో నిలబడ్డాయి, దఫాకి పన్నెండు! ఒంటరిగా మిగిలిన రాజు కిరీటం తీసి మెకానిక్‌కి పెట్టేశాడు. అది చూసి నిజం దేశాలే రెండు సరిహద్దు కంచె పీకేసి..."

"నీ కోతకి కొడవలి కూడా అక్కర్లేదు," అన్నాడు ఆటో అన్న.

"బాబాయ్," అంది నెట్ సెంటర్ అమ్మాయి గ్లాసు కింద పెట్టి. "నిన్న ఆ ఫారం నా దగ్గరేగా నింపావు. 'ఎందుకు వింత?' అన్న గడి ముందు అరగంట కూర్చుని, ఖాళీగా వదిలేసి లేచిపోయావు. అదింకా పోలేదు. గడువు ఇవాళే."

ఆటో అన్న పగలబడి నవ్వాడు.

అమ్మాయి ఫోను తీసింది. "చెప్పు, ఏం రాయను?"

బాబాయ్ అంత మెల్లగా మాట్లాడటం అంతకుముందు అక్కడెవరూ వినలేదు. "మోకాళ్ళు పోయాక మా అమ్మ ఆరేళ్ళు పట్టాల అవతలికి వెళ్ళలేదు. పిన్ని ఇల్లు అక్కడే. లిఫ్టు మొదలైన రోజు బటన్ తనే నొక్కింది. సాయంత్రం దాకా తిరిగి రాలేదు, వెతుక్కుంటూ వెళ్తే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి జడ ఒకరు వేసుకుంటున్నారు."

అమ్మాయి అక్షరం పొల్లు పోకుండా కొట్టింది.

"నాదీ రాయి," అన్నాడు ఆటో అన్న. "మా ఆవిడకి నొప్పులొచ్చినప్పుడు అందులోంచే దాటించా."

"ఆగవే, అప్పుడే పంపకు," అంటూ టీ అక్క స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని వచ్చి బల్ల మీద కూర్చుంది.