ధరణి చూపిస్తున్న ఊరు

పలాసలో డయాలసిస్ గది, మధ్యాహ్నం వేళ. పక్కపక్క మంచాల మీద ఉద్దానం రైతు ఇంటి ఆడమనిషి వరహాలమ్మ, ఓడల్లో పనిచేసి వచ్చిన సన్యాసిరావు. ఇద్దరి చేతుల్లోంచీ గొట్టాలు మిషన్లలోకి వెళుతున్నాయి. వరహాలమ్మ రెండో చేతిలో ఫోను ఉంది. అందులో ఇటలీ దేశం నాపోలి నగరం నుంచి, అక్కడ ఒక ఇంట్లో పనికి వెళ్ళిన మేనకోడలు ధరణి.

"ఆగాగు, ఆగే! అటు తిప్పేసినావేటి? గాల్లోంచి దిగిపోతన్నాది, ఆ బుట్టేటి?"

"అదా అత్తా! ఎదురింటి పైఅంతస్తు మామ్మ బుట్ట. తాడు కట్టి కిందికి దింపుతాది. రొట్టెల కొట్టోడు అందులో రొట్టె పెడతాడు. లాక్కుంతాది. మెట్లు దిగక్కర్లేదు."

"ఒలమ్మా! మనం నూతిలోంచి నీళ్ళు తోడుకున్నట్టు రొట్టెలు తోడుకుంతాదేటి?"

"అంతే. ఒక్కోరోజు పిల్లిని కూడా అందులోనే దింపుతాది, షికారుకి."

"మళ్ళీ తోడుకుంతాదా?"

"పిల్లి బుట్టెక్కి అరుత్తాది, లాగమని."

"వరహాలక్కా, నన్నూ సూడనీ. ఫోను కూసింత ఇటు ఒంచు."

"ఇదిగో, సూడు. ధరణీ, మన పక్క... పక్కింటి సన్నాసిరావు మావ. ఊరికే పలకరించడానికి ఒచ్చినాడు. నీ ఊరు సూసినోడే."

"పక్కింటోడినా? ఆఁ... అవునవును. పక్కింటోడినే."

"దండాలు మావయ్యా. మీరు నాపోలి ఒచ్చినారా?"

"ఓడ రేవులో కట్టినప్పుడు దిగినానమ్మా. ఆ కాఫీ మర్సిపోనేను. ఉగ్గుగిన్నెడు కూడా ఉండదు. నిలబడి ఒక్క గుక్కలో తాగీయాల. తాగినాక ఆ రోజంతా నిద్దర రాదు."

"ఇక్కడ ఇంకోటుంది మావయ్యా. కొందరు ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బులిస్తారు. రెండోది ఎవరో తెలీనోడికి. లేనోడు ఒచ్చి, నా కోసం ఎవరైనా కాఫీ ఒదిలినారా అని అడుగుతాడు. ఉంటే పోసీస్తారు."

"ఎవరిచ్చినారో తెలీదా?"

"తెలీదత్తా."

"పేరు రాయరా? బోర్డు కట్టరా?"

"లేదు."

"మనూళ్ళో సలివేంద్రం పెడితే కుండ కన్నా ఫొటో పెద్దదుంతాది."

"ఫొటోలో ఆ నవ్వు సూసి దాహమేసినోడు పారిపోతాడు, అక్కా."

"ధరణీ, ఆ గుమ్మం మీద ఎర్రగా యేలాడతన్నాది, పండు మిరపకాయేనా?"

"కాదత్తా, కొమ్ము బొమ్మ. అచ్చం మిరపకాయలాగే ఉంతాది. దిష్టికి కట్టుకుంతారు."

"దిష్టి అక్కడా ఉన్నాదా! అమ్మయ్య. నువ్వూ ఒకటి కొనుక్కో. నల్లపిల్లవని దిష్టి తగలదనుకోకు."

"నల్లపిల్లేటి అత్తా! ఇక్కడోళ్ళు ఎండలో పడుకుని మరీ నల్లబడతారు."

"పని లేక. ఆ మూల దీపమేటి?"

"సందు మొగలో అమ్మోరి గూడు. రోజూ ఒకామె ఒచ్చి పువ్వులు మార్సీసి, గూడు తుడిసి, పక్కింటామెతో దెబ్బలాడి ఎల్తాది."

"దేనికి?"

"నాకేటి తెలుసు? సేతులు మాత్రం ఇలా ఇలా ఊపేసుకుంతారు. కాసేపటికి ఇద్దరూ ముద్దులెట్టీసుకుని ఎల్లిపోతారు."

"బాగున్నాదే నీ ఊరు! ఒక్కరోజు నువ్వు ఫోను సెయ్యకపోతే నాకు వాళ్ళ మీద బెంగొచ్చీసినాది."

"అత్తా, ఆ కుయ్ కుయ్ మన్న సప్పుడేటి?"

"ఏ సప్పుడు? అదా... సన్నాసిరావు ఫోను."

"నాదా? ఆఁ, నాదే. పాతదమ్మా. అలాగే మూలుగుతాది."

"నేనెప్పుడు సేసినా పడుకునే ఉంతావేటత్తా?"

"మద్దినేళ నడుం వాల్సినాను, తప్పా? నా సంగతి ఒగ్గీ. నువ్వెప్పుడు సేసినా కిటికీ కాడే ఉంతావేటి? బయటికెల్లినప్పుడు సూపించొచ్చు గదా."

"బయట నెట్టు రాదత్తా."

"కొండ మీదున్న మన పోలారావు గొర్రెలమందకే నెట్టొస్తాది. అంత పెద్దూరికి రాదా?"

"రాదు. నిన్న మాత్రం భలే తిరిగినాను. సెప్పనా?"

"సెప్పు సెప్పు. ఎక్కడికెల్లినావు?"

"పొద్దున్నే లేసి సముద్రం కాడికెల్లినాను. ఎవరూ లేరు. రాళ్ళ మీద కూకున్నాను. అలా సూస్తంటే నీళ్ళలోంచి ఎర్రగా, నిండుగా, మన భావనపాడులో లాగే సూర్యుడు పైకొచ్చినాడు. అంత బాగుంది!"

"ఏటమ్మా? ఎక్కణ్ణించి ఒచ్చినాడూ?"

"సముద్రంలోంచి మావయ్యా."

"నాపోలిలోనా?"

"ఆఁ."

"నాపోలిలో పొద్దు నిప్పులకొండ ఏపు నుంచి పొడుస్తాదమ్మా. మునిగీది సముద్రంలో. నేను ఓడ మీంచి సూసినాను."

"అంటే... మబ్బుగా ఉండి..."

"మబ్బుగా ఉంటే ఎర్రగా ఎలాగొచ్చినాడు?"

"సన్నాసిరావు, నువ్వూరుకో. ధరణీ."

"ఊఁ."

"సముద్రం కాడికెల్లినావా?"

"ఎల్లినానత్తా."

"ధరణీ, నా మొకం సూసి సెప్పు."

"...ఎల్లలేదు."

"మనకి సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు గదా, ఏ సముద్రమైనా అంతేననుకున్నావు."

"అనుకున్నాను."

"మరి ఆ కాఫీ?"

"కొట్టు కిందే. కిటికీలోంచి కనిపిస్తాది. తెలీనోడికి ఒదిలీ కాఫీ సంగతి ఫోన్లో సదివినాను."

"మొన్న సేపల బజార్లో నీళ్ళు కాళ్ళ మీద సిందినాయన్నావు?"

"ఎవరికో సిందినాయి. పైనుంచి సూసినాను."

"నువ్వు ముందా గుమ్మం దిగి రోడ్డు మీదకెల్లు. ఎల్లి ఫోను సెయ్యి."

"ఇప్పుడెందుకత్తా? వంట కావాల..."

"ఎల్లు."

"తరవాత ఎల్తాను, వంటయ్యాక..."

"ఒలే ధరణీ, తలుపు తియ్యి!"

"బయట తాళం ఏసుందత్తా."

"ఎవులేసినారు?"

"అయ్యగారు, అమ్మగారు. కొట్టుకెల్తూ ఏసీసి ఎల్తారు. సీకటి పడ్డాక ఒస్తారు."

"రోజూనా?"

"నేనొచ్చినకాడి నుంచీ."

"ఒచ్చినకాడి నుంచా! అంటే ఆ అమ్మోరి గూడు, ఆ దెబ్బలాటలు, ఆ బజారు..."

"అన్నీ ఈ కిటికీలోంచే."

"పాస్‌పోర్టు ఎక్కడుందమ్మా?"

"వాళ్ళ బీరువాలో మావయ్యా."

"అంతే. అలాగే సేస్తారు. కిటికీలోంచి కేకలెయ్యమ్మా. ఊరంతా ఒచ్చీలాగ అరవాల."

"కాగితాలు లేకుండా కనబడితే పోలీసులు ముందు నన్నే పట్టుకుంతారంట."

"ఎవరన్నారు?"

"అయ్యగారు. ఇంగ్లీషు ముక్కల్లో సెప్పినారు."

"తాళం ఏసినోడు సెప్పిందే నమ్మినావా? ఎర్రిదానా!"

"తిట్టకత్తా."

"తిట్టక? నాతో ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పలేదు?"

"రోజూ నువ్వే గదా, ఇయ్యాల ఎక్కడికెల్లినావు, ఏటి సూసినావు అని... నీ గొంతులో అంత ఆశ ఉంటే ఎలా సెప్పను, ఈ గదిలోంచి ఆ గదిలోకి ఎల్లినానని?"

"ఒక్కదానివే ఉన్నావా ఇంట్లో?"

"మామ్మగారుంది. అయ్యగారి తల్లి. ఆవిణ్ణి సూసుకోడానికే గదా నన్ను తెచ్చినారు. మతి లేదంట. బయటికి పోయి తప్పిపోతాదని తాళం."

"మతి లేదని ఎవరు సెప్పినారు?"

"...అయ్యగారే."

"ఆవిడేటి సేస్తాది పగలంతా?"

"నా పక్కనే కుర్సీ ఏసుకుని కిటికీలోంచి సూస్తాది. సేతులు వొణుకుతాయి, సెంచా కూడా పట్టుకోలేదు. నేనే తినిపిస్తాను. అంతే. మాటాడదు. ఎదురింటామె బుట్ట దింపినప్పుడు మాత్రం నవ్వుతాది."

"బుట్ట సూసి నవ్విందానికి మతి లేకపోడమేటి? ఆ ఇల్లెవర్ది?"

"మామ్మగారిదే. గోడ నిండా ఆవిడ పెళ్ళి ఫొటోలే."

"అయితే తాళంచెవి ఆవిడ కాడే ఉంతాది."

"తలుపుకి లోపలేపూ తాళం కన్నం ఉంది గానీ, తాళంచెవి అయ్యగారి జేబులో ఉంతాదత్తా, నేను సూసినాను."

"ఆడికాడ ఒకటుంతాది. ఆవిడకాడ ఒకటుంతాది. సొంతిల్లున్న ముసల్ది కొడుక్కి అన్నీ ఇచ్చీస్తాదేటి? మా అత్త మంచాన పడి కూడా వొడ్ల గది తాళంచెవి మొలలోంచి తియ్యనేదు. నీళ్ళు పోసినప్పుడూ తియ్యనిచ్చీది కాదు. నాది సూడు, ఇక్కడికొచ్చినా బొడ్లోనే ఉన్నాది."

"ఇక్కడికంటే ఎక్కడికి?"

"...ఇక్కడికే. మంచం మీదకి. నువ్వు మాట మార్సకు. ఆవిడ నడుంకి ఏటైనా కట్టుకుంతాదా?"

"గుడ్డ సంచేదో ఉంది. నన్ను ముట్టుకోనివ్వదు. దేవుడి బొమ్మేదో అనుకున్నాను."

"అదే! అదే తాళంచెవి!"

"లాక్కోమంతావా?"

"సీ! పెద్ద ముండమనిసి మొలలో సెయ్యి పెడతావేటి? అడుగు."

"నాకు ఆవిడ భాష రాదు."

"నేనడుగుతాను. ఫోను ఆవిడ మొకం ముందెట్టు."

"నీకెప్పుడొచ్చిందత్తా ఇటలీ భాష?"

"తాళంచెవిని 'కియావే' అంతారమ్మా. నా గది తాళం పోతే రేవంతా ఈ మాటే అరుసుకుంటూ తిరిగినాను. అక్కా, కియావే అను."

"కియావే. ఎట్టినావా ధరణీ ఫోను? ...ఆఁ, కనపడినాది. దండాలమ్మా. నాను వరహాలమ్మని. ఈ పిల్లకి మేనత్తని. తల్లి నేదు దీనికి, నాను పెంచినాను. కియావే, అమ్మా. దీనికి కియావే ఇయ్యి."

"నీ మొకమే సూస్తన్నాదత్తా. సంచి మాత్రం సేత్తో గట్టిగా పట్టుకున్నాది."

"ఇది ఎల్లిపోతే తననెవరు సూస్తారని బయ్యం. నాకు మాత్రం ఉండదా? సన్నాసిరావు, ఈ ఫోను నువ్వట్టుకో. నా సెయ్యి సూపించు."

"ఒద్దక్కా. పిల్ల సూసేస్తాది."

"సూడనీ. మిషను కూడా పడీలాగ పట్టు."

"అత్తా, సెయ్యి దింపు. నాకు తెలుసు."

"ఏటి తెలుసు?"

"మా నాన్న ఆ మిషను మీదే గదా పోయినాడు. ఆ కుయ్ కుయ్ మర్సిపోతానా? నువ్వు మిషను కాడ మొదటిరోజు ఫోను ఎత్తినప్పుడే తెలిసిపోయింది. లేవలేకుండా పడున్నావని, అందుకే ఊరంతా తిప్పుదామని..."

"ఏడవకు. ముక్కు సీది ఫోను సరిగ్గా పట్టు, నాను ఆవిడతో మాటాడాల. ఇదిగో సూడమ్మా, నన్నూ కట్టీసినారు. ఇది ఇప్పీస్తే నాను బతకను, అందుకని పడున్నాను. దానికా అవసరం నేదు. నీకూ నేదు. నీ ఇంట్లో నువ్వు తాళంలో ఉండడమేటి? కియావే, తల్లీ. నీకు దండం పెడదామంటే రెండో సెయ్యి రాదు."

"అక్కా, గొంతు తగ్గించు. రక్తపోటు పెరిగితే ఆ నర్సమ్మ మనిద్దర్నీ తిడతాది."

"తిట్టనీ. ఆవిడేటి సేస్తన్నాది ధరణీ?"

"లేసింది."

"లేసి?"

"తన గదిలోకి ఎల్లిపోయింది. తలుపేసీసుకుంది."

"ఎల్లిపోనాదా..."

"సెప్పినాను గదత్తా. ఆవిడికేటీ తెలీదు. ఒగ్గీ. నాకలవాటైపోయింది. రేపు నీకు ఆ పిల్లి సంగతి..."

"నాకు పిల్లీ ఒద్దు, ఊరూ ఒద్దు. సన్నాసిరావు, కిటికీలోంచి ఏటని అరవాలో ఆ మాట సెప్పు. ఇయ్యాల అరిసి తీరాల ఇది."

"ఉండత్తా. ఉండు. తలుపు తీసింది."

"ఏటి? ఏటైనాది? మాటాడవేటే!"

"సంచి ఇప్పీసి నా ఒళ్ళో ఏసినాది. తాళంచెవే అత్తా..."

"నిలబడిపోయినావేటి, తియ్యి మరి!"

"ఎలా తియ్యను? సెప్పులు తొడుక్కుని, కోటేసుకుని, తనే ముందెల్లి తలుపు కాడ నిలబడ్డాది. పెదాలకి రంగు మాత్రం నన్ను ఎయ్యమంతన్నాది!"