వెలగని పసుపు దీపం

షెడ్డులో బానెట్ ఎత్తిన తన కారు ముందు విశ్రాంత న్యాయమూర్తిగారు, ఆయన వెనుక మెకానిక్ నిలబడి ఉన్నారు.

“ఇంజిన్ ఇంతలా వణుకుతోందే, హెచ్చరిక దీపం వెలగదేం?” అడిగారు న్యాయమూర్తిగారు.

“వెలగదండి. మూడో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోయినా దీపం రాకుండా కారు కంప్యూటర్‌లో నేనే మార్చాను.”

“ఎవడు మార్చమన్నాడు?”

“మీరేనండి. పోయిన నెల ‘ఆ దీపం మళ్ళీ నా కంటబడకూడదు’ అన్నారు.”

“జబ్బు కుదర్చమంటే రోగి నోరు కుట్టేస్తావా?”

“తప్పేనండి. మీరు గర్జిస్తే బెదిరిపోయాను. రేపు మనవరాలితో కొండదారి ఎక్కుతానన్నారుగా, ఇక దాచలేకపోయాను.”

న్యాయమూర్తిగారు వంగి ఇంజిన్ వైపు చూశారు.

“ఇప్పుడేం చేస్తావు?”

“ముందు కంప్యూటర్‌ని ఎప్పట్లా పెట్టేస్తా. తర్వాత ఆ సిలిండర్‌కి నిప్పురవ్వ అందించే కాయిల్ మారుస్తా.”

కాసేపటికి పసుపు దీపం వెలిగింది. న్యాయమూర్తిగారు మెకానిక్ వైపు తిరిగి కోటు గుండీ పెట్టుకున్నారు.

“ఉత్తర్వు నాదే. అబద్ధమాడే వీలుండీ నిజం చెప్పారు. నా కృతజ్ఞతలు స్వీకరించండి.”