నా వార్డులో కాకుండా

హలో… ఆ, నేనే, అక్కని. డ్యూటీలోనే ఉన్నాలే, చెప్పు పొట్టీ… పర్లేదు. లేబర్ రూమ్‌లో ఒకామె ఉంది, ఆమెకింకా టైముంది. దుప్పట్లు పెట్టే గదిలోకొచ్చి మాట్లాడుతున్నా. నీకెలా ఉంది?

నడుమా?… ఎడమవైపు తిరిగి పడుకో. మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకో… ఎవరు చెప్పారు?

ఓ. మీ మంత్రసాని ముందే చెప్పిందా.

నేనేమన్నాను? మంచిదే చెప్పింది. నేను చెప్పేదే చెప్పింది.

ఇది విను ముందు. కిటికీ ఉన్న గది నీకోసం అట్టిపెట్టించాను. పై వారమంతా నా డ్యూటీలు మార్చుకున్నాను. మత్తు డాక్టరుతో కూడా మాట్లాడేశాను, వెన్నులో సూది ఆయనే వేస్తాడు. చెయ్యి చాలా తేలిక. నీకు కుట్టినట్టు కూడా—

ఏంటి?

మళ్ళీ చెప్పు.

…ఇంట్లోనే కంటావా.

ఆలోచిస్తున్నానన్నావు కదే పోయినసారి! ఆలోచించడమంటే కాన్పుకి నీళ్ళతొట్టి కొనుక్కురావడమా… సరే, అద్దెకి. అద్దెకి తెచ్చావు. హాల్లోనా? మరి సోఫా ఏమైంది?… మీ ఆయనేమన్నాడు?… అబ్బో, నీళ్ళెంత వేడిగా ఉండాలో కూడా నేర్చేసుకున్నాడా. అంటే ఇంటిల్లిపాదికీ తెలుసు. నాకు తప్ప.

కోపం కాదు. నా గొంతే అంత.

నొప్పికేం చేస్తుందట మీ మంత్రసాని?… సరే తల్లీ, మిడ్‌వైఫ్. ఏం చేస్తుంది?… వేడినీళ్ళు. నడుం నొక్కడం… ఓహో, గ్యాస్ కూడా తెస్తుందా. మాస్క్ పెట్టుకుని పీల్చేదేగా? తెలుసు, మేమూ ఇస్తాం. నొప్పి ఉన్నచోటే ఉంటుంది, నువ్వు కాస్త పక్కకి జరుగుతావు, అంతే. సూదికి అది సాటి రాదు. ఆ సూదేమో ఇంట్లో వెయ్యరు… నీకు తెలుసనుకో. నీకన్నీ తెలుసు ఈమధ్య.

మిగతా టైమంతా ఏం చేస్తుంది ఆవిడ?

అల్లుకుంటుందా? ఊలు పెట్టుకునా? నువ్వు అక్కడ మెలికలు తిరుగుతుంటే ఆవిడ కుర్చీలో కూర్చుని స్వెట్టర్— నవ్వకు!… ఏమంది? చేతికి పనుంటే అనవసరంగా వేలు పెట్టబుద్ధి కాదనా. బాగుంది. మాటకారే.

నాకా? అసూయా? దేనికి? ఈ చేతులతో ఎంతమందికి పురుడు పోశాను! ఊలుబంతి చూసి కుళ్ళుకుంటానా?… అవునులే. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంటావు, అంతేగా. అను.

మొదటి కాన్పుకి నీ పక్కన లేనా నేను?

…

మిషను వైపే చూశానా.

లోపలికొచ్చిన ప్రతిసారీనా?

దాన్ని చూడాలి పొట్టీ. బిడ్డ గుండె దాంట్లోనే కదా తెలిసేది. చూశాక నీ వైపు… చూడలేదా. ఏమో. చూశాననే అనుకున్నాను.

తప్పు పట్టడం లేదులే నువ్వు. తెలుసు. చెప్పు, వింటున్నా.

…

ఏడవకు.

ఏమన్నావు?… నేను వద్దంటే మానేస్తావా?

అక్కగా కాదు, నర్సుగా చెప్పాలా.

…

ఉన్నాను. తలుపు వేసొచ్చాను.

ఎంత తేలికో తెలుసా ఆ మాట? వద్దంటే వస్తావు. కిటికీ గదిలో పడుకుంటావు. నేనుంటాను, ఆవిడ ఉండదు… నాలుక చివరే ఉంది పొట్టీ.

ఉండు. బిడ్డ తల కిందికే ఉందా?… బీపీ?… ఒంట్లో రక్తం సరిపడా ఉందా?… మొదటిది మామూలు కాన్పే, నేనే చూశాను. అక్కణ్ణించి ఇక్కడికి రావడానికి ట్రాఫిక్‌లో ఎంతసేపు?… ఊఁ. ఎక్కువేం కాదు.

వేరే ఎవరైనా అడిగితే ఇంట్లోనే కనమంటాను.

చెప్పానుగా. ఇంట్లో కను… సంతోషంగా అనాలా? అది మాత్రం అడక్కు.

ఒక్కటి. ఉమ్మనీరు పచ్చగా పోయినా, రక్తం ఆగకపోయినా, ఆవిడ పద అన్నా, మారుమాట్లాడకుండా బయల్దేరాలి. కారు వీధివైపు తిప్పి పెట్టించు. మధ్యలో సూది కావాలనిపించినా వచ్చెయ్యి. అది ఓడిపోవడం కాదు. నేనేం ‘చెప్పానా’ అని దెప్పను… సరే, ఒక్కసారి దెప్పుతాను.

నేనా? రానులే… అలక కాదే. వస్తే టైము చూస్తాను, నాడి చూస్తాను, ఆవిడ చేతులే చూస్తూ కూర్చుంటాను. మళ్ళీ నువ్వొక్కదానివే కనపడవు నాకు.

ఆవిడ అక్కడే ఉందా ఇప్పుడు?… అయ్యో, ఇదంతా స్పీకర్లో కాదు కదా!… బతికించావు. ఒకసారి ఫోనివ్వు… గొడవ పడను. ఇవ్వవే.

…

నమస్కారమండీ. ఆ, వాళ్ళక్కని… లేదండీ, రిపోర్టులన్నీ మీరు చూసే ఉంటారు. ఇది వాటిలో ఉండదు. మా చెల్లి నొప్పులకి అరవదు. మొదట్లో గలగలా మాట్లాడుతుంది, మిమ్మల్నే నవ్విస్తుంది. తర్వాత ఉన్నట్టుండి నోరు మూసుకుంటుంది. నిద్రపట్టింది కాబోలు, ఇంకా టైముందిలే అనిపిస్తుంది. ఉండదండీ. అది మాట ఆపిందంటే బిడ్డ వచ్చేస్తున్నట్టే. అల్లిక పక్కన పడేసి లేవండి.

ఎలా తెలుసంటే… చిన్నప్పుడు చెయ్యి విరిగినప్పుడూ అంతే. కిక్కురుమనకుండా కూర్చుని అన్నం తింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

లేదండీ, ఇది ఇదివరకు ఎవరికీ చెప్పలేదు. నిజానికి మీకు చెప్పాలనీ లేదు.

ఒకటడగనా? అది మిమ్మల్ని ఏమని పిలుస్తుంది?

…

అక్కా అనా.

…

వద్దండీ, దానికివ్వక్కర్లేదు. పెట్టేస్తున్నా.