బొమ్మ ఊదితే

దర్శి పక్క పత్తిచేను గట్టున బావా బావమరుదులు పురుగుమందు కలుపుతున్నారు. పక్క చేలో ఉన్న నాకు వద్దన్నా వినపడింది.

"గుంటూరులో పరిశోధన వాళ్ళు నీ నెత్తిన కుండ బోర్లించారంటగా?"

"కుండ కాదు బావా, కళ్ళు మూసే టోపీ. కంప్యూటర్‌కి తగిలించారు. పెట్టుకోగానే గదిలో పత్తిచేను మొలిచింది! తల ఎటు తిప్పితే అటు చేనే. మందు వాసనొక్కటే తక్కువ."

"కొయ్యరా కోతలు."

"నీ మీదొట్టు! చేతిలో స్ప్రే పంపు. మొదటిసారి నాజిల్లో చెత్త అడ్డం పడితే పుల్లతో పొడిచా. రెండోసారి పక్కసాలులో ఒక బొమ్మమనిషిని దించారు. వాడు చెత్త అడ్డుపడ్డ నాజిల్‌ని నోట్లో పెట్టుకుని ఊదాడు."

"నువ్వేం చేశావు?"

"నేనూ ఊదా! వాడు మనిషి కాదని తెలుసు. అయినా నా మూతి దానంతటదే ముందుకెళ్ళింది. పనిలో పక్కవాణ్ణి చూసి మనం ఎంత తెగిస్తామో చూడటానికేనంట, ఆ మాయంతా."

"ఓరి దేవుడా! లేని మనిషి నీ మూతి తిప్పాడా?"

"మరి ఉన్న మనిషివి నువ్వు! మొన్న అలా ఊదే కదా కళ్ళు తిరిగి ఆస్పత్రిలో పడ్డావు. ఇవాళైనా మానెయ్ బావా. నువ్వు ఊదితే నేను ఆగలేను."

బావ మందు కలిపే కర్ర పక్కన పెట్టాడు.

"ఒరేయ్, ఇన్నేళ్ళూ నేను నిన్ను చూసి ఊదుతున్నానురా!"

ఇద్దరూ పంపులు వీపుకెత్తుకుని, ఒకరి మూతికి ఒకరు కాపలా కాస్తూ చేలోకి దిగారు.