చచ్చినదాని వేలిముద్ర

చౌకధరల దుకాణం బోర్డు మీద రాసి ఉన్న ఫిర్యాదుల నంబరుకు ఒక వృద్ధురాలు ఫోను చేసింది. అవతల ఎత్తిన మనిషి తాను పౌరసరఫరాల అధికారినని చెప్పుకొన్నాడు.

“మళ్ళీ చెప్పండమ్మా. చనిపోయింది ఎవరు?”

“నేనే నాయనా.”

“మీరు మాట్లాడుతున్నారు కదా.”

“నేనూ అదే అన్నాను. డీలరు వింటేగా. మిషన్లో నేను పోయినట్టు వస్తోందట. అందుకని బియ్యం ఇవ్వనన్నాడు.”

“ఈ నెలేనా?”

“పోయిన నెల కూడా. అంతకు ముందు నెల మాత్రం బతికే ఉన్నాను.”

“వేళాకోళాలొద్దమ్మా. ఇది ఆఫీసు.”

“వేళాకోళం మొదలెట్టింది నేను కాదు నాయనా. కొంచెం గట్టిగా మాట్లాడు, సరిగ్గా వినపడటం లేదు.”

“ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదు. పక్కన పెద్ద సారున్నారు.”

“ఏదో ధబ్బుధబ్బుమని చప్పుడు. బస్తాలు దించుతున్నట్టు.”

“మేడ మీద మరమ్మతులు చేస్తున్నారు. మీ వెనకాలా గోలగానే ఉంది. ఎవరు వాళ్ళు?”

“ఇరుగూ పొరుగూ. వీధిలో నిలబడి చేస్తున్నాను. ఇంట్లో సిగ్నలు అందదు.”

“సరే. కార్డు చేతిలో ఉందా?”

“లేదు, డీలరు దగ్గరుంది. తనిఖీకి కావాలని తీసుకున్నాడు, తిరిగివ్వలేదు. కార్డు మా దగ్గరే ఉండాలట కదా, అతను ఉంచుకోకూడదట. బోర్డు మీద మొట్టమొదట రాసిందదే.”

“భద్రంగా ఉంటుందని తీసుకుని ఉంటాడు. అందులో తప్పేముంది?”

“మా ఇంటికి తాళం లేదనుకున్నాడా?”

“విషయానికి రండమ్మా. మీకేం కావాలి?”

“రెండు నెలల బియ్యం. ఇవ్వనంటే, ఎందుకివ్వడో కాగితం మీద రాసి సంతకం చెయ్యమనండి. ఆ మాటంటే డీలరు నవ్వాడు.”

“చనిపోయినవాళ్ళకి కాగితం ఎలా ఇస్తాడు?”

“మరి చచ్చినదాని వేలిముద్ర ఎందుకు వేయించుకున్నాడు?”

“ఏమిటీ?”

“రెండుసార్లూ ముందు వేలు పెట్టించుకున్నాడు. మిషను కుయ్యిమంది. చీటీ బయటికొచ్చింది. ఆ చీటీ చించి జేబులో పెట్టుకుని, అప్పుడు చెప్పాడు, నువ్వు పోయావని.”

“అది... అది పరీక్ష కోసం పెట్టిస్తారు.”

“పోయానో లేదో పరీక్షించడానికా?”

“అదంతా సాంకేతికం. మీకర్థం కాదు.”

“అర్థమయ్యేలా చెప్పు మరి. వేలు నాదేనని ఒప్పుకుంటేనే కదా చీటీ వచ్చేది. నన్ను గుర్తుపట్టిన మిషనే నేను పోయానని ఎలా చెప్తుంది? ఆ చీటీలో పడ్డ బియ్యం ఎవరింటికి పోయాయి?”

“మీరు మరీ లోతుకు పోతున్నారు.”

“కడుపు కాలితే పోనూ? బయట బియ్యం కొనలేక ఒక పూట మానేశాం నాయనా. పొద్దున ఇంటికి రాగానే కోడలు పనిలోనే తినొచ్చానంటుంది. నేను వండుకుని తినేశానని దానికి చెప్తాను. ఇద్దరం ఒకరి అబద్ధం ఒకరం తిని పడుకుంటున్నాం.”

“అయ్యో. ఆ మాట ముందే చెప్పకూడదా? ఒక పని చేద్దాం. డీలరుతో నేను మాట్లాడతాను. నెల నెలా సగం బియ్యం ఇస్తాడు. మీరు మాత్రం వచ్చి వేలు పెట్టేసి వెళ్ళండి. మూడో మనిషికి తెలియక్కర్లేదు.”

“సగమిస్తే సగం బతికున్నట్టా?”

“ఈ వయసులో మీకెందుకు పెద్దమ్మా ఈ తిప్పలు. పొద్దస్తమానం ఆ ఇస్త్రీ పెట్టె తోసీ తోసీ, మళ్ళీ ఈ ఫిర్యాదులు, ఈ తిరుగుళ్ళు...”

“నేను ఇస్త్రీ చేస్తానని నీకెవరు చెప్పారు?”

“మీరే అన్నారు ఇందాక.”

“నేననలేదు.”

“అన్నారు. పోనీ, రికార్డులో ఉందనుకోండి.”

“అనుకోమంటే అనుకుంటాను. రికార్డులో ఇంకా ఏముంది?”

“అన్నీ ఉంటాయి. మీరూ మీ కోడలూ, ఇంట్లో ఇద్దరే. మగదిక్కు లేదు. కోడలికి మందుల గోదాములో ప్యాకింగు పని, రాత్రి డ్యూటీ.”

“కార్డులో డ్యూటీ కూడా రాస్తారా?”

“రాయరు. తెలుస్తాయి. గోదాము నుంచి మీ ఇంటికొచ్చే దారిలో రైలు వంతెన కింద దీపాలుండవు. జాగ్రత్తగా రమ్మనండి. నా మాటగా చెప్పండి.”

“నీ మాటగానే చెప్తాను. ఎవరన్నారని అడిగితే ఏం చెప్పమంటావు?”

“అధికారి అన్నాడని చెప్పండి.”

“అధికారికి పేరుండదా?”

“మీకిదంతా ఎవరు నేర్పుతున్నారు?”

“ఏది?”

“ఈ సంతకాలు, ఈ చీటీలు. ఇవాళ ఇదంటారు. కార్డు తీసెయ్యాలంటే ముందు నోటీసివ్వాలి, మా మాట వినాలి అని రేపు అదీ అడుగుతారు.”

“అది నాకు తెలియదు నాయనా, ఇప్పుడు నువ్వు చెప్తే తెలిసింది. నోటీసివ్వాలా?”

“ఎవరు నేర్పుతున్నారని అడుగుతున్నాను. ఆ బుట్టలల్లే ముసలాయనా?”

“ఆయన గొడవ ఆయనది. ఆయన కార్డు బాగానే ఉంది కదా?”

“ఎక్కడ బాగుంది? ఆయనా పోయాడు.”

“బుట్టలాయన కూడా పోయాడా?”

“పోయాడు. అలా అరుస్తారేం?”

“చెవులు సరిగ్గా పనిచెయ్యవు, అందుకని నాకూ గట్టిగా మాట్లాడే అలవాటు. మరి సందు చివర కుట్టుమిషనామె? ఆవిడైనా ఉందా?”

“లేదు. ఆవిడదీ తీసేశాం.”

“కుట్టుమిషనామె పోయిందా. నిన్న సాయంత్రం నా చేతిసంచికి పిడి కుట్టిచ్చింది, పాపం.”

“ఎవరు పోయారు, ఎవరు ఉన్నారు అనేది మీరు చూసేది కాదు.”

“తాపీమేస్త్రీ? చంటిపిల్లలున్నవాడు.”

“ఇంటిల్లిపాదీ పోయారు.”

“పిల్లలు కూడానా?”

“పిల్లలు కూడా. చాలా పెద్ద లిస్టు పెద్దమ్మా. మీరొక్కరే అనుకోకండి. వాళ్ళంతా నోరు మూసుకుని కూర్చోలేదా? మీకే ఎందుకింత యావ?”

“తీసేశాం అన్నావు. తీసేసింది నువ్వా, డీలరా?”

“విను. నేను చెప్పేది బాగా విను. రికార్డు తప్పని నిరూపించాలంటే ఏళ్ళు పడుతుంది. మనిషిని రికార్డుకి సరిపెట్టాలంటే ఒక్క రాత్రి చాలు.”

“వినపడలేదు నాయనా.”

“ఒక్క రాత్రి చాలన్నాను. నువ్వు పోయావని మిషను చెప్తోంది కదా, అది నిజమైపోతుంది. నీకైనా, నీ కోడలికైనా. ఇప్పుడు వినపడిందా?”

“బాగా వినపడింది.”

“అయితే ఫోను పెట్టేసి ఇంటికి పో. బొగ్గులు రాజేసుకుని నీ పని నువ్వు చూసుకో. ఆ కార్డు సంగతి మర్చిపో.”

“పోతాను. ఒక్క మాట అడిగి పోతాను. బోర్డుకి కొత్తగా రంగేశారు, చూశావా?”

“ఏ బోర్డు?”

“షాపు బోర్డే. అంతా కాదు, ఫిర్యాదుల నంబరున్న చోట మాత్రం వేశారు. పిసినారి పని, ఒక్క పూతతో సరిపెట్టారు. ఎండ పడితే కింద పాత నంబరు కనపడుతోంది.”

“అయితే?”

“పొద్దున ముందు దానికే చేశాను.”

“దానికి ఎవరూ ఎత్తరు.”

“ఎత్తారు. ఎవరో అమ్మాయి, మర్యాదగా మాట్లాడింది. నేను బతికే ఉన్నానట వాళ్ళ దగ్గర. నెల తప్పకుండా బియ్యం కూడా తీసుకుంటున్నానట. ఇవ్వని నెలలకి డబ్బు రూపంలోనైనా ఇవ్వాలని చట్టమే ఉందని చెప్పింది. అధికారుల జీపు బయల్దేరింది, అక్కడే ఉండమంది.”

“ఎక్కడ?”

“అక్కడే.”

“నువ్విప్పుడు ఎక్కడున్నావ్?”

“చెప్పానుగా, వీధిలో. జీపు వచ్చేదాకా ఖాళీగా నిలబడటమెందుకని, పైన రంగేసి రాసిన ఈ కొత్త నంబరు ఎవరిదో చూద్దామనుకున్నాను. చేశాను. డీలరు వెనకాల, బస్తాల గదిలో మోగింది.”

“ఏయ్.”

“వరసలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి అటు చూశారు. స్పీకరు పెట్టవే అంది కుట్టుమిషనామె. పెట్టాను.”

“బావా. బావా, షట్టరు దించెయ్. బావా.”

“మీ బావ లేడు నాయనా. నువ్వు మేస్త్రీ పిల్లలు పోయారన్నప్పుడే కాటా వదిలేసి పక్క సందులోంచి వెళ్ళిపోయాడు. నీకు చెప్పి వెళ్ళలేదా?”

“పెద్దమ్మా, నేను... నేను ఊరికే బెదిరించాను. నాకేం తెలియదు. నన్ను ఫోనెత్తమన్నారు, ఎత్తాను. తలుపు దగ్గర ఎవరున్నారు?”

“గట్టిగా మాట్లాడక్కర్లేదులే, ఇప్పుడు గోడలోంచే వినపడుతోంది. గడియ నీ వైపే ఉంది, తీసి బయటికి రా. పోయినవాళ్ళమంతా ఇక్కడే వరసలో నిలబడి ఉన్నాం.”