తూర్పు చెరువు బతికింది

తొంభై ఎనిమిదో సంవత్సరం, కొల్లేటి లంకలో రొయ్యల చెరువుల చిట్టిబాబు ఇల్లు. పరిశోధన చేస్తున్న కూతురు పద్మశ్రీ, తన పేరు అచ్చయిన పత్రిక పట్టుకుని హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి ఎంతో సంబరంగా వచ్చింది. కాళ్ళు కడుక్కుందో లేదో, తండ్రితో తగువు మొదలు.

“మైకులోనా? నేనా? చచ్చినా చెప్పను నాన్నా!”

“రెండు ముక్కలే పద్మా. ‘వైరస్ నుంచి మా తూర్పు చెరువుని అమ్మవారే కాపాడింది’ అను, దిగిపో. రేపు ఊరంతా గుడి దగ్గర కాచుక్కూర్చుంటారు.”

“కాపాడింది నా మందు! ఇదిగో, అచ్చేశారు. ముగ్గురు పెద్ద ప్రొఫెసర్లు చదివి బాగుందన్నాకే వేశారు. దీంతోనే నాకు లెక్చరర్ పోస్టు!”

“ఆ ముగ్గురూ మన చెరువు చూశారా?”

“చెరువు చూడరు నాన్నా, లెక్కలు చూస్తారు.”

“అమ్మవారు చెరువే చూసింది. చెరువుల్లో వేయమని నువ్విచ్చిన పిండి మూటలు రెండూ ఆ తల్లి పాదాల దగ్గర పెట్టించాకే గదా ఇంటికి తెచ్చా!”

“రెండూనా?”

“రెండూ. నీకు మంచి జరగాలని.”

“దొరికావు! మందు కలిపిన పిండి తూర్పు చెరువుకి, ఉత్త పిండి పడమటి చెరువుకి. రెండింటినీ అమ్మవారు దీవిస్తే పడమటి రొయ్యలెందుకు చచ్చాయి?”

“అదీ... పడమటి చెరువంటే... గాలి...”

“ఏం గాలి?”

“ఉండవే! గంగా! ఇదిగో, గంగాదేవీ! నీ కూతురు అమ్మవారినే నిలదీస్తోంది, ఇలారా!”

“వింటూనే ఉన్నా. తండ్రీ కూతుళ్ళకి అరుచుకోడానికి ఇంకేం దొరకలేదా?”

“అమ్మా, నువ్వు చెప్పు. మేతలో పిండి కలిపింది నువ్వే కదా. నా మందు పనిచేసిందా, లేదా?”

“ఏమో.”

“ఏమో ఏంటమ్మా?”

“వేస్తే గదా తెలిసేది.”

“ఏం... ఏం వేస్తే?”

“అమ్మవారి పాదాల దగ్గర్నుంచి వచ్చింది ప్రసాదమా, కాదా? ప్రసాదం తీసుకెళ్ళి బురదలో రొయ్యలకి పోస్తానా? కళ్ళు పోవూ! వెల్లుల్లి, ఉసిరి, కమ్మటి వాసన. రొట్టెలు కాల్చాను. మనం తిన్నాం, చుట్టాలకీ పెట్టాం.”

“అమ్మా! మరి చెరువుల్లో ఏం వేశావు?”

“తవుడు. రెండింటికీ సమానంగా.”

“హహ్హహ్హా! గంగా! ఇన్నాళ్ళూ నాతో ఒక్క మాటయినా అనలేదేమే?”

“నువ్వడిగావా?”

“నవ్వకు నాన్నా! నా పేపరు పోయింది! ఆపు... అబ్బా, నాకూ నవ్వొస్తోంది...”

“అయితే తూర్పు చెరువు ఎట్టా బతికిందే?”

“తెలీదు.”

“ఇంత చదివీ తెలీదా?”

“తెలీదు! అదే రాస్తా పత్రికకి. నేను చెప్పింది తప్పు, వెనక్కి తీసుకుంటున్నానని.”

“పిచ్చిపిల్లా, ఎవరికి తెలుసని? పోస్టు చేతిదాకా వచ్చి...”

“నాకు తెలుసు కదా! రేపు ఇంకో రైతు నా మాట నమ్మి చెరువు పోగొట్టుకుంటే? పోస్టు పోతే పోనీ. ఏడుస్తాలే నాలుగు రోజులు.”

“అంత మాటనకే తల్లీ.”

“మరి నువ్వో? మైకులో ఏం చెప్తావు? అమ్మవారి పాదాల దగ్గర పెట్టిన పిండి చిటికెడు కూడా చెరువులో పడలేదు.”

“నేను మాత్రం దొంగనా ఏంటి? నువ్వు రాయి, నేను చెప్తా. అమ్మవారికీ దీనికీ ఏ సంబంధమూ లేదని అందరి ముందూ చెప్పేస్తా. సరేనా?”

“ఏమయ్యోయ్! సంబంధం లేకపోవడమేంటి? ఆ పిండి రొట్టెలకి వాడి చెరువుల్లో తవుడు పొయ్యమని నాకు బుద్ధి పుట్టించింది ఎవరనుకున్నావు?”