నోట రాని పేరు

మీకేమండీ, సమాధి పలకరాతి కింద హాయిగా పడుకొన్నారు! పరువు పోయినది నాది గదా. మందిరము నుండి సరాసరి ఇక్కడికే వచ్చినాను. ఇంటికి పోవుటకు ముఖము చెల్లలేదు.

ఏమి జరిగినదా? నేడు మృతుల జ్ఞాపక ఆరాధన. ఇంటింటివారు లేచి, తమలో పోయినవారి పేరు బిగ్గరగా చెప్పవలె. ఆ పేరున పాదిరి అయ్యగారు స్తోత్రము చెల్లించవలె. మీరు పోయినాక ఇదే మొదటిది. పెద్దవాడు బళ్ళారిలో రైలు కొలువు విడిచి రాలేకపోయినాడు. నేను గాక చెప్పేదెవరు?

లేచినాను. ఎట్ల లేచినాననుకొన్నారు? బాలికల బడిలో వ్యాకరణము చెప్పిన పంతులమ్మ లేచినట్లే! చెంగు సర్దుకొన్నాను, గొంతు సవరించుకొన్నాను, నోరు తెరచినాను...

"మా... మా పెద్దవాని నాయన" అన్నాను.

నవ్వకండి! ఆ మస్తానమ్మ ఊరకుండునా? "ఏంది వదినా, నాయనలు ఊరినిండా ఉండారు. ఏ నాయనో చెప్పరాదా?" అన్నది. మందిరమంతా పకపకలు! అయ్యగారు కాసేపు చూచి, "తరువాతివారు" అన్నారు. మొన్న పోయిన ముసలి ఆదెయ్య పేరు వచ్చినది. పురిటిలోనే పోయిన పసికందు పేరు సైతము వచ్చినది. మీరొక్కరే బయట నిలిచిపోయినారు.

మగని పేరెత్తితే ఆయుష్షు తగ్గునన్న ఆడవాండ్లను నేనెంత వెక్కిరించినాను! "దేవుడు మనలను పేరుపేరున పిలిచి తనవారిగా చేసికొన్నాడు, మనకు పేరంటే భయమేల?" అని త్రిపురాంతకము దాక పోయి బోధించి వచ్చినాను. ఇల్లు చేరగానే మరల "ఏమండీ"!

పోనీ, ప్రార్థనలోనైన పలికినానా? మీకు జ్వరము ముదిరినప్పుడు మోకాళ్లూని, "ప్రభువా, మా ఇంటివారిని లేపుము" అన్నాను. ఆ వారమే, అదే జ్వరముతో పడియున్న పక్కింటి కోటయ్య లేచి కూర్చుండి, మాంసము కావలెనని చియ్యకూర అడిగినాడు. మీరు లేవలేదు. పాపము, ప్రభువునకు గురుతు తప్పినదేమో! ఎవరి ఇంటివారో నేను చెప్పి చావలేదు గదా.

పంతులమ్మ నమ్మినది ఒకటి, పెండ్లాము నమ్మినది ఒకటి. ఇప్పుడు తగ్గుటకు మీకు ఆయుష్షైన మిగులలేదు. రాతిమీద పేరు కంటికి కనబడుచునే యున్నది. నోటికే రాదు!

అయ్యగారు వాకిట నన్ను ఆపి, "అమ్మా, సాయంకాల ప్రార్థనలో మరల అడుగుతాను" అన్నారు. అందుకే ఇక్కడ అలవాటు చేసికొందామని వచ్చినాను. వినేటందుకు రెండు మేకలు తప్ప ఎవరూ లేరు.

సుం... ఉండండి, తల మీద చెంగు వేసికొననీయండి. సుందర... సుందరరాజూ!

అయ్యో, బడిలో పిల్లవానిని గద్దించినట్లున్నదే! సుందరరాజుగారూ...

ఏమీ కాలేదు. ఒక మేక తల యెత్తి చూచి, మరల మేతలో పడినది. ఇంతేనా? ఇంతమాత్రానికా నేను నోరు కట్టుకొని కాపురము చేసినది?

సాయంకాలము చెప్పెదను లెండి. అందరూ వినునట్లు చెప్పెదను. బ్రతికియుండగా ఒక్కనాడైన పిలిచియుంటే, మీరెట్ల తిరిగి చూచెడివారో తెలిసియుండును. అది ఇక నాకు తెలియదు.